ఇరవైనాలుగు చిల్లులు

సూర్ ఊళ్లో, ఓడలు కట్టే ఇసుక వాకిట్లో
జుమా సేటు నా చేతికో కాగితమిచ్చాడు.
సముద్ర యుద్ధాల చరిత్ర మీద
ఈ ఏటి మేలైన పుస్తకానికి బహుమానమట.
డబ్బు వాళ్లిస్తారు, ఓడ మనమివ్వాలి.
మూరెడు పొడుగు, టేకు, రాగి మేకులు,
పక్కకి పన్నెండు చిల్లులు.

"చిల్లులెందుకు?" అన్నాను.
"ఫిరంగులకి" అన్నాడు
ఖర్జూరం గింజ ఉమ్మేసి.

మాది తాళ్లరేవు.
మా ఇంట్లో చిల్లు అన్నది తిట్టు.
మా తాత పలకకీ పలకకీ నడుమ పీచు కూరి
గుగ్గిలం కాచి పూసి
ఓడ కడుపు నిండా నీళ్లు పోయించి
చుట్టూ తిరిగేవాడు, చెవి ఆనించి, అరచెయ్యి ఆనించి.
ఎక్కడన్నా చెమరిందా
ఆ పూట ఆయనకి ముద్ద దిగేది కాదు.

ఆ రక్తం ఇది.
జేబులో చిల్లు కనపడ్డా, గొడుగులో కనపడ్డా
చెయ్యి పీచు కోసం తడుముకుంటుంది.
అలాంటి చేతికి, పొడవడానికి కూలి.
పొడిచాను.
మొదటిదానికి బరమా మొరాయించింది.
పదోదానికి అలవాటు పడింది.
అదే కొంచెం భయమేసింది.

నీట దింపందే దాన్ని ఓడ అనరు, కొయ్య అంటారు.
అందుకే రాత్రి గుడ్డలో చుట్టి గదికి తెచ్చాను.
బట్టలు నానేసే నీలం టబ్బు,
సగం నీళ్లు, ఇంకా సబ్బు వాసన.
మంచాల మీంచి అందరూ దిగొచ్చారు.
ధర్మపురి పోశెట్టి, గల్ఫుకొచ్చేదాకా సముద్రం చూడనివాడు,
"గిన్ని పొక్కలు వెట్టి తేలుమంటే ఎట్ల తేల్తదే?" అన్నాడు.
సిల్హెట్ మొయినుల్ వంగి చూసి, ఫుటో, ఫుటో అన్నాడు.
చిల్లో, పొక్కో, ఫుటోవో
నీళ్లకి పేరుతో పనిలేదు.
ఓడ ఎడమకి ఒరిగి గుటక వేసింది.

తెల్లారి చేపల బజారులో
వల గుండ్లు ఏడు అడిగి తెచ్చుకున్నాను.
కరిగించి, కుడి కడుపున సీసం పోసి
పైన పలక మూశాను.
కాగితంలో లేని పని అది, కూలీ రాలేదు.
ఈసారి నిటారుగా నిలబడింది,
నీరు చిల్లులకి వేలెడు దిగువన ఆగింది.
పోశెట్టి ఎందుకో చప్పట్లు కొట్టాడు.

సభ కోట పక్క హాల్లో.
నేను వంటింటి తలుపు దగ్గర,
ఓడ నా చేతుల్లో, దాని మీద నల్ల మఖ్మలు.
నాది అంగడి అరబీ.
బహర్ అంటే తెలిసింది, హర్బ్ అంటే తెలిసింది,
తక్కినదంతా అలల చప్పుడే.
అంకెలు మాత్రం బాగా తెలుసు, బేరమాడే భాష కదా.
నలభై. మూడు వందల పది. మళ్లీ నలభై.
ఏది సంవత్సరమో, ఏవి ఓడలో,
ఏది చచ్చిపోయినవాళ్ల లెక్కో తేల్చుకోలేకపోయాను.

గెలిచినాయన పేరు ఖల్ఫాన్,
బర్కాలో బడిపంతులు చేసి మానేశాడట.
రెండు చేతులా అందుకున్నాడు.
మణికట్లు ఒక్కసారి కిందికి దిగాయి.
"థఖీల్" అన్నాడు. బరువుగా ఉందని.
అందరూ నవ్వారు, ఏదో గొప్ప మాటన్నట్టు.
సీసం సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే,
నేను నవ్వలేదు.

ఫొటోలు తీస్తున్నారు.
ఎడమ పక్క మూడో చిల్లులోకి
ఆయన బొటనవేలు దూరింది.
ఒక ఫొటో, నాలుగు, పది,
వేలు తియ్యలేదు.
అచ్చం మా తాత అంతే,
ఊరుతున్న చోట వేలు అదిమిపెట్టి
పీచు తేరా, పీచు అని కేకేసేవాడు.

నా చెయ్యి జేబులోకి పోయింది.
భోజనం టోకెను తగిలింది.